రికీషికి అంత్యక్రియలు

1970 మార్చి 24. టోక్యోలో కొదాన్ష ప్రచురణ సంస్థ భవనంలో సంతాప సభ. హాల్లో బాక్సింగ్ రింగు కట్టారు. పోయినవాడి పటం పెట్టి పూలు పేర్చారు. బౌద్ధ భిక్షువు మంత్రాలు చదువుతుంటే జనం వరసలో వచ్చి ధూపం వేసి దణ్ణం పెట్టుకున్నారు. దాదాపు ఏడు వందల మంది! పోయినవాడి పేరు రికీషి తోరు. అతను ఏ తల్లి కడుపునా పుట్టినవాడు కాదు. వారపత్రికలో వచ్చే బొమ్మల సీరియల్లో ఒక బాక్సర్, అంతే.

ఆ సీరియల్ పేరు ‘అషిత నో జో’, అంటే రేపటి జో. 1968లో ‘షోనెన్ మ్యాగజైన్’లో మొదలైంది. కథ కజివారా ఇక్కిది, బొమ్మలు చీబా తెత్సుయావి. నా అన్నవాళ్లు లేని జో టోక్యో మురికివాడల్లో తిరుగుతూ తప్పులు చేసి బాలనేరస్థుల జైలుకు వెళ్తాడు. రికీషి ఎదురయ్యేది అక్కడే.

రికీషి చావుకు బీజం పడింది కూడా అక్కడే, అదీ చిత్రకారుడి చేతిలో. వీళ్లిద్దరూ ముందు ముందు రింగులో తలపడాలన్న సంగతి అప్పటికి తెలియక చీబా రికీషిని జో కన్నా చాలా పొడుగ్గా గీసేశాడు. బాక్సింగ్‌లో ఇద్దరూ ఒకే బరువు తరగతిలో ఉంటేనే పోటీ. జోది బాంటమ్‌వెయిట్, అంటే 53.5 కిలోలు దాటకూడదు. రికీషి అసలు వెల్టర్‌వెయిట్ వాడు, ఆ తరగతి 66.7 కిలోల దాకా వెళ్తుంది. అచ్చయిపోయిన బొమ్మను వెనక్కి తీసుకోలేరు కదా! పొరపాటును సర్దడానికి కజివారా ఒక దారి కనిపెట్టాడు. జోతో కొట్లాడటం కోసం రికీషి తన ఒళ్లు తానే కరిగించుకుంటాడు.

పాఠకులను కట్టిపడేసింది ఆ కరగడమే. తిండి మానాడు. తర్వాత నీళ్లూ మానాడు. వారం వారం పత్రిక తెరిస్తే బుగ్గలు ఇంకాస్త లోపలికి పోయి, కళ్లు ఇంకాస్త గుంటలు పడి కనిపించేవాడు. ఒక రాత్రి దాహానికి తాళలేక కుళాయిల కోసం పరుగెడతాడు. అన్నిటికీ తీగ చుట్టి బిగించేసి ఉంటుంది. అతణ్ణి పోషిస్తున్న ధనిక కుటుంబపు అమ్మాయి యోకో చూడలేక గ్లాసుతో గోరువెచ్చని నీళ్లు తెచ్చిస్తుంది. అతను గ్లాసు అందుకుంటాడు, ఆమెకు కృతజ్ఞత చెబుతాడు, ఆ నీళ్లన్నీ నేల మీద ఒంపేస్తాడు. ఇంట్లో మంచం పట్టినవాళ్లకు రోజూ గ్లాసు అందించినవాళ్లు ఈ పేజీని అంత తేలిగ్గా తిప్పలేరు.

పోటీలో గెలిచింది రికీషే. ఓడిన జో చేయి చాస్తే, దాన్ని అందుకోబోతూ కూలిపోయాడు. జో గుద్దు కణతకు తగలడం, పడుతూ తల రింగు తాడుకు కొట్టుకోవడం, అప్పటికే ఎండిపోయిన ఒళ్లు... మూడూ కలిసి ప్రాణం తీశాయి.

అంత్యక్రియలు చేద్దామన్నది తెరయామ షూజీ. కవి, నాటక దర్శకుడు, జనాన్ని ఉలిక్కిపడేలా చేయడంలో ఘనుడు. పైగా ఏప్రిల్ 1న జో కథ టీవీలో యానిమేషన్‌గా మొదలవుతోంది, దాని పాట రాసిందీ తెరయామే. ప్రచారపు ఎత్తుగడ అని ఎవరైనా అంటే కాదనలేం. కానీ ఎత్తుగడ పిలవగలదు, ఏడిపించలేదు. ధూపం వేయడానికి వచ్చినవాళ్లు నెలల తరబడి ఆ ఒళ్లు ఎండిపోవడాన్ని దగ్గరుండి చూసినవాళ్లు. సభ జరిగిన వారానికే, మార్చి 31న, విమానాన్ని దారి మళ్లించిన జపాన్ తీవ్ర వామపక్ష దళం రెడ్ ఆర్మీ యువకులు తమ ప్రకటనలో తామే రేపటి జో అని రాసుకున్నారు. కాగితం మీది మనుషులు ఆ రోజుల్లో ఎక్కడెక్కడికి వెళ్లారో!

సీరియల్ 1973లో ముగిసింది. ప్రపంచ ఛాంపియన్ మెండోసాతో 15 రౌండ్లు కొట్లాడి, పాయింట్ల మీద ఓడిన జో రింగు మూల స్టూలు మీద తల వాల్చి కూర్చుంటాడు. బొమ్మంతా తెల్లగా, కాలి బూడిదైనట్టు ఉంటుంది. చనిపోయాడా, అలిసి కళ్లు మూశాడా? అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. పోయాడనేవాళ్లు ఆ తెల్లదనం చూపిస్తారు. ఉన్నాడనేవాళ్లు పెదవుల మీది చిన్న నవ్వు చూపిస్తారు.