పాపికొండల అడవి, కోనసీమ పూచీ

గౌతమీ వసిష్ఠల నడుమ, వైనతేయ చీల్చుకొని పోవు కోనసీమలో కొండ యనునది లేదు. కొత్తపేట మొదలు అమలాపురము, రాజోలు మీదుగా కడలియొడ్డు వరకు కంటికానునవి కొబ్బరితోటలు, వరిచేలు, ఏటిగట్లు మాత్రమే. అయినను ఈ నేలను కట్టినది గోదావరి మోసికొనివచ్చిన ఒండ్రు. త్ర్యంబకము చెంత పుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించు ఆ నది, మైదానమున అడుగుపెట్టుటకు ముందు తుదిగా దాటి వచ్చునది పాపికొండల లోయ. తూర్పుకనుమలు ఇరువైపుల ఒత్తుకొనిరాగా, విశాలమైన నది ఇరుకున ఒదిగి లోతుగా పారు ఆ చోట, దరులను కప్పియున్న ప్రాచీనారణ్యపు క్షేమము కోనసీమ రైతునకు పరాయి విషయము కాదు.

ప్రాచీనారణ్యమనగా వయసు మీరిన చెట్ల సమూహము మాత్రమే కాదు. నల్లమద్ది, ఏగిస, తునికి, జీలుగు, వెదురు మొదలైనవి పలు తరములుగా ఒకదాని నీడలో నొకటి పెరిగి, రాల్చిన ఆకును, విరిగిన కొమ్మను నేలలోనే మాగనిచ్చి, తొర్రలలోని పక్షులకు, అడవిదున్నలకు, చిరుతలకు ఆశ్రయమిచ్చు వ్యవస్థ అది. అచట కురిసిన వాన మొదట ఆకులపై చితికి, పిమ్మట మాగిన నేలలో ఇంకి, తీరికగా వాగులకు చేరును. నరికిన వాలుమీద పడిన వాన మట్టితోసహా గంటలలో నదిలో కలియును. మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన పరీవాహక ప్రాంతమునుండి వచ్చి 1986 ఆగస్టులో లంకలను ముంచెత్తిన వరద వంటిదానిని ఒక్క లోయలోని అడవి ఆపగలదనుట అతిశయోక్తియే. కాని వాలుమీది మట్టిని నిలుపుట, వేసవిలో ఊటలను ఎండనీయకుండుట దాని నిత్యకృత్యము. ఒకే జాతి, ఒకే ఈడు గల టేకుతోట ఆ పని యంతటిని చేయజాలదు.

ఈ అడవులకై జరిగిన పోరాటము నేటిది కాదు. 1882 నాటి మద్రాసు అటవీచట్టము గిరిజనుల పోడుసేద్యమును, వంటచెరకును, మేతను ఆంక్షలతో బిగించెను. ఆ క్లేశము 1922-24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున మన్యపు తిరుగుబాటుగా రగిలెను. ఆనాటి ప్రభుత్వము అడవిలో ప్రధానముగా చూచినది కలపను, ఆదాయమును. స్వాతంత్ర్యానంతరము దృష్టి మారి, పాపికొండలు 1978లో వన్యప్రాణి సంరక్షణ కేంద్రముగను, 2008లో వేయి చదరపు కిలోమీటర్లకు మించిన జాతీయోద్యానముగను ప్రకటింపబడినవి; 2006 నాటి అటవీహక్కుల చట్టము అడవినే నమ్ముకొన్నవారి హక్కును అంగీకరించినది.

నేటి పరీక్ష గొడ్డలి వలన కాక నీటి వలన వచ్చుచున్నది. పాపికొండల దిగువన గోదావరిపైని పోలవరము జలాశయము 150 అడుగుల మట్టమునకు నిండినచో, లోయ అడుగుభాగమందలి అడవి, ఏటిదరి కొండరెడ్డి గిరిజనుల పల్లెలు మునుగును. వాలు పైభాగములు మిగిలినను, వాగొడ్డున పెరుగు చెట్టు గుట్టమీద మొలవదు. ఎగువ జలాశయములలో ఒండ్రు ఆగినకొలది కోనసీమ తీరమును కట్టు మట్టియు తగ్గును. ఇక పోలవరము జలాశయపు ఫలమును పొందువారిలో, 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసినది మొదలు కాలువనీటితో బ్రతుకుచున్న డెల్టా రైతులును కలరు.

కావున లోయ చెల్లించు మూల్యములో కోనసీమకును పూచీ కలదు. నీరు నిండుటకు ముందే నిర్వాసితులకు ఇల్లు, సాగుభూమి దక్కవలెనని, ముంపునకు బదులుగా పెంచు వనము టేకు, జామాయిలు తోటలు కాక ఆ కొండల సహజవృక్షములతోనే ఉండవలెనని, ఆ పనిలో కొండరెడ్ల అనుభవమునకు పెద్దపీట వేయవలెనని అడుగవలసినవారు, ఆ నీటితో పంట పండించుకొనువారే.