ఆడుకునే పిల్లల మడమ నొప్పి

సాయంత్రం కబడ్డీ ఆడి వచ్చిన పిల్లవాడు మడమ ఆనించలేక మునివేళ్ల మీద నడుస్తుంటే, బడి ఎగ్గొట్టడానికి వేషాలు వేస్తున్నాడని మనలో చాలామంది కోప్పడతాం. మరికొందరం భయపడి, అప్పు చేసి మరీ పరీక్షలకు పరుగెడతాం. నిజానికి ఈ నొప్పి వేషమూ కాదు, పెద్ద జబ్బూ కాదు.

సాధారణంగా 8 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో మడమ ఎముక వెనుక భాగం ఇంకా గట్టిపడి ఉండదు. అక్కడ మెత్తని ఎదుగుదల పొర ఉంటుంది. పిల్లలు ఒక్కసారిగా పొడవు పెరిగే రోజుల్లో ఎముక సాగినంత త్వరగా పిక్క కండరం సాగదు. బిగిసిన పిక్క, పరుగెత్తిన ప్రతిసారీ ఆ మెత్తని చోటును లాగుతుంది. గట్టి నేల దెబ్బ కూడా తోడై నొప్పి పుడుతుంది. 1912లో దీన్ని వివరించిన అమెరికా ఎముకల వైద్యుడు జేమ్స్ సీవర్ పేరుమీద దీన్ని సీవర్స్ డిసీజ్ అంటారు. మడమను రెండు పక్కలా నొక్కితే నొప్పి పెట్టడం దీని ముఖ్య గుర్తు. చాలామందికి ఎక్స్‌రే అవసరం ఉండదు.

చికిత్స ఇంట్లోనే చేయవచ్చు. కొన్ని వారాలు పరుగు, గెంతులు తగ్గించాలి. సైకిల్, ఈత ఫర్వాలేదు. ఆట తర్వాత గుడ్డలో చుట్టిన ఐసును 15 నిమిషాలు పెట్టాలి. గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి చాపి, మడమ నేలకు ఆనించి 30 సెకన్లు నిలబడాలి. ఇలా రెండు కాళ్లకూ మూడేసి సార్లు, రోజూ రెండు పూటలా చేస్తే పిక్క సాగుతుంది. మడమ కింద మెత్త ఉన్న బూట్లు వేయాలి. సిమెంటు నేల మీద ఉత్తకాళ్లతో ఆడనివ్వకూడదు. నొప్పి మాత్రలు డాక్టరు చెబితేనే వాడాలి. మడమలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఈ నొప్పికి తగదు.

ఎక్కువమందికి కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో తగ్గుతుంది. మళ్లీ పొడవు పెరిగేటప్పుడు తిరిగి రావచ్చు. ఎముక గట్టిపడ్డాక ఇక రాదు, అవిటితనమూ మిగలదు. అయితే జ్వరం, వాపు, ఎర్రదనం ఉన్నా, రాత్రి నిద్రలో నొప్పి లేపుతున్నా, దెబ్బ తగిలి కాలు మోపలేకపోయినా వెంటనే డాక్టరుకు చూపించాలి.

దాతలకు మా విన్నపం ఒక్కటే. పండగకు పేద పిల్లలకు కొత్త బట్టలు ఇస్తున్నాం. బట్టలతో పాటు కాలికి సరిపోయే మెత్తని బూట్లు ఒక జత కూడా ఇద్దాం. ఉత్తకాళ్లతో ఆడే పిల్లకు ఆ జతే సగం చికిత్స. అది లేక నొప్పి భరించలేని పిల్లలు నెమ్మదిగా ఆట మానేస్తారు. ఆట మానేసిన సంగతి ఇంట్లో ఎవరూ గమనించరు కూడా.