వెలుతురుతో వ్రాసిన పటము

సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతముల పద్మశాలీయులకు పటముకథ క్రొత్తది కాదు. కూనపులివారు పొడవైన పటమును వ్రేలాడగట్టి, మార్కండేయ పురాణమును బొమ్మవెంట బొమ్మగా చూపుచు గానము చేయుదురు. అక్షరము రానివాడును పురాణ మెరిగి యింటికి పోవును. ఇట్టి పటములకు చేర్యాల నకాషీలు ప్రసిద్ధులు. బట్టకు గంజి, తెల్లసుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రని నేలపై రంగులు దిద్దుదురు.

సిరిసిల్లకు నైరృతిదిశను, మెదకు పట్టణమున, మరియొక విధమైన పటము కలదు. అది బట్టపై వ్రాసినది కాదు. రంగుగాజు ముక్కలతో కూర్చిన కిటికీ. అందలి కథ క్రీస్తు జననము.

ఆ దేవాలయమును చార్లెస్ వాకర్ పాస్నెట్ అను వెస్లియన్ మిషనరీ కట్టించెను. 1914లో పని మొదలయ్యెను. అవి కరవు దినములు. ఆకలితో వచ్చినవారికి ఊరక అన్నము పెట్టుటకంటె పని చూపి పెట్టుట గౌరవమని ఆయన తలచెను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. గోపురము 175 అడుగుల యెత్తు. సత్రములో చోటు దొరకక పశువుల తొట్టిలో పరుండబెట్టిన శిశువు కథ, కూటికై యిల్లు విడిచి వచ్చినవారు కట్టిన గోడలలో నిలుచుట తగియున్నది.

ఈ కథను లూకా, మత్తయి చెరియొక విధముగా చెప్పిరి. తొట్టియు, గొల్లలును లూకా సువార్తలోనివి. నక్షత్రమును, తూర్పుదేశపు జ్ఞానులును మత్తయి సువార్తలోనివి. చిత్రకారులు తరచుగా రెండింటిని ఒకే దృశ్యమున చేర్చుదురు. ఎద్దు, గాడిద ఆ సువార్తలలో లేవు. జ్ఞానులు ముగ్గురని కూడ లేదు. బంగారము, సాంబ్రాణి, బోళము అను కానుకలు మూడగుటచే మనుష్యులును ముగ్గురైరి!

మెదకు కిటికీల చిత్రములను రూపొందించినవాడు ఫ్రాంక్ సాలిస్‌బరీ అను ఆంగ్ల చిత్రకారుడు. బాల్యమున అన్నగారి గాజు కార్ఖానాలో ఈ విద్య నేర్చెను. గాజు కరుగునప్పుడు కోబాల్టు కలిపిన నీలము, రాగి కలిపిన ఎరుపు వచ్చును. వెండి లవణము పూసి కాల్చిన పసుపు తేలును. రంగురంగుల పలకలను ఆకృతులుగా కోసి, ముఖరేఖలను, వస్త్రపు ముడుతలను నల్లని రంగుతో వ్రాసి కొలిమిలో కాల్చి, సీసపు బద్దీలతో కూర్చుదురు. కాల్చిన గీతను బట్టపై గీతవలె దిద్దుటకు వీలుండదు.

ఆరోహణ చిత్రము 1927లోను, జనన చిత్రము 1947లోను, సిలువ చిత్రము 1958లోను అమరెను. కథలో చివరిది ముందు వచ్చెను!

బట్టపటమునకు రాత్రివేళ దీపము చాలును. గాజుపటమునకు సూర్యుడే కావలెను. వెలుతురు వెలుపలినుండి రానిచో లోనివారికి అది నల్లని గోడ. గొల్లలకు ఆ వార్త అందినది రాత్రియందు. దాని చిత్రము కనబడునది పగటియందు. క్రిస్మసునాడు తెల్లవారుజామున ఆరాధన మొదలగునప్పటికి కిటికీ యింకను చీకటిగానే యుండును. పాటలు సాగుచుండగా తూరుపు తెల్లబారును. ఆ మసకవెలుతురులో కంటికి ముందుగా నీలము అందును. ఎరుపు తరువాత వచ్చును.