నీస్ సముద్రం ఒడ్డున... చెప్పులకు కాపలా కాయకండి!

కుటుంబమంతా సముద్రానికి వెళ్లినప్పుడు ఇల్లాలు ఏం చేస్తుందో ఎప్పుడైనా గమనించారా? పిల్లలు నీళ్లల్లోకి పరిగెడతారు. శ్రీవారు ఫోటోలు తీస్తూ ఉంటారు. ఆవిడ మాత్రం నలుగురి చెప్పులూ, రెండు సంచులూ, తువ్వాళ్లూ ముందేసుకుని గట్టున కూర్చుంటుంది. విశాఖపట్నం అయినా, సూర్యలంక అయినా ఇదే వరస. లక్షలు పోసి ఫ్రాన్సు దాకా వెళ్లి అక్కడ కూడా ఇదే కాపలా కాస్తే ఏం లాభం చెప్పండి?

పిల్లలు చదువులకనో ఉద్యోగాలకనో యూరప్‌లో ఉండటంతో మనలాంటి వాళ్లం కూడా ఈ మధ్య అటు వెళ్తున్నాం. వెళ్లిన వాళ్లలో చాలామంది వారం పదిరోజుల్లో ఐదారు దేశాలు చుట్టేసే టూరులో చేరతారు. కాళ్లకు బలపాలు కట్టుకుని తిరగడం, రోజూ పెట్టె సర్దడం, బస్సులో కునుకు. నన్నడిగితే ఒకే ఊళ్లో మకాం పెట్టి, అక్కణ్నుంచి రైల్లో చుట్టుపక్కల చూసి రావడం ఎంతో సుఖం. మేం మా చెల్లెలి కుటుంబంతో కలిసి ఒక జూన్ నెలలో అలాగే పదిరోజులు నీస్‌లో ఉన్నాం.

నీస్ అనేది ఫ్రాన్సుకి ఆగ్నేయం మూల, ఇటలీ సరిహద్దుకి దగ్గర్లో, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. 1860లోగానీ ఇది ఫ్రాన్సులో శాశ్వతంగా కలవలేదు. అంతకుముందు సార్డీనియా రాజ్యంలో ఉండేది. చలి భరించలేని ఇంగ్లీషు దొరలు శీతాకాలం గడపడానికి ఇక్కడికి వచ్చేవారు. వాళ్ల చందాలతో 1820ల్లో సముద్రం వెంబడి ఒక నడకదారి వేశారు. ఆ దారే పెరిగి పెరిగి ఇవాళ సుమారు 7 కిలోమీటర్ల ‘ప్రొమెనాద్ దెజాంగ్లే’ అయింది. ఇంగ్లీషు వాళ్ల షికారు దారి అని అర్థం. 2021లో యునెస్కో ఈ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దారి పొడుగునా నీలం రంగు కుర్చీలుంటాయి. డబ్బులేం కట్టక్కర్లేదు, ఎంతసేపైనా కూర్చోవచ్చు. జూన్‌లో సూర్యాస్తమయం రాత్రి తొమ్మిది దాటాకే. అంటే భోజనాలు ముగించుకుని కూడా వెలుతురులో షికారుకి వెళ్లొచ్చు!

నీళ్లల్లోకి దిగేముందు

మొట్టమొదట తెలుసుకోవలసింది, నీస్‌లో ఇసక లేదు. గట్టంతా నున్నటి గులకరాళ్లే. ఉత్తకాళ్లతో నడిస్తే ప్రాణం లేచొస్తుంది. నీళ్లలో వేసుకునే రబ్బరు బూట్లు ఇంటిల్లిపాదికీ కొనండి. కూర్చోవడానికి మందమైన చాప ఉండాలి. గట్టు మీద కొంత భాగం ఉచితం, కొంత ప్రైవేటు వాళ్లది. ప్రైవేటు చోట పడక కుర్చీకీ గొడుక్కీ బాగానే వసూలు చేస్తారు. మనకి ఉచితం వైపే చాలు, అక్కడ కూడా నీళ్ల షవర్లు ఉంటాయి.

ఈ సముద్రానికి మన బంగాళాఖాతంలా ఆటుపోట్లు పెద్దగా ఉండవు. గాలి లేని రోజున చెరువులా ఉంటుంది. అలాగని ఏమరుపాటు పనికిరాదు. నీస్ దగ్గర గట్టు నిటారుగా దిగిపోతుంది. రెండు మూడడుగులకే నడుం లోతు, ఇంకో నాలుగడుగులు వేస్తే కాళ్లు అందవు. ఈత రానివాళ్లు అంచునే కూర్చుని అలల్ని ఒళ్లోకి రానివ్వండి, అదీ హాయిగానే ఉంటుంది. లోపలికి వెళ్లి నిలబడాలంటే విల్‌ఫ్రాంష్ అనే పక్క ఊరికి వెళ్లండి. రైల్లో పది నిమిషాల లోపే. స్టేషన్ కిందనే మెత్తటి గట్టు, కొండల మధ్య ప్రశాంతమైన సముద్రం. చంటిపిల్లలున్న వాళ్లకి నీస్ కంటే అదే మేలు.

ఈ నీళ్లలో ఉప్పు ఎక్కువ. లీటరుకి సుమారు 38 గ్రాములు. గంగ, గోదావరి, కృష్ణ వచ్చి కలిసే మన బంగాళాఖాతంలో అంత ఉండదు. ఉప్పెక్కువ కాబట్టి ఒళ్లు కాస్త తేలిగ్గా తేలుతుంది. జుట్టు మాత్రం పీచులా అయిపోతుంది, దిగేముందు కాస్త కొబ్బరినూనె రాసుకుని జడ బిగించి వేసుకోండి.

ఏం కట్టుకోవాలి అనేది మన ఆడవాళ్లకి పెద్ద బెంగ. కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో చీరతోనే మూడు మునకలు వేస్తాం, నిజమే. కానీ తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటుంది. లోతైన చోట అది ప్రమాదం. ఈతకని అమ్మే పొడుగు చేతుల టీషర్టు, దాని కిందకి అదే బట్టతో చేసిన లెగ్గింగ్ ఉంటే నిక్షేపంగా దిగొచ్చు. ఎండకి ఒళ్లు కమిలిపోకుండా కూడా ఉంటుంది. అరవై, డెబ్భై ఏళ్ల బామ్మలు పొద్దున్నే వచ్చి, ఎవరి వంకా చూడకుండా ఈదుకుని, తల తుడుచుకుని వెళ్లిపోతుంటారు. వాళ్లని చూశాక నా బిడియం సగం పోయింది. చన్నీళ్లకి వేళ్లు ముడుచుకుని ఉంగరాలు జారిపోతాయి. నగలు గదిలోనే ఉంచి రండి.

జెండాలు గమనించండి. ఆకుపచ్చ అయితే దిగొచ్చు, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే దిగనే దిగొద్దు. వంకాయరంగు జెండా ఉంటే నీళ్లు బాగోలేదనో, కుట్టే జీవాలున్నాయనో అర్థం. వేసవిలో జెల్లీఫిష్‌లు వస్తుంటాయి. కుడితే మంచినీళ్లతో కడగొద్దు, రుద్దొద్దు. సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న ముళ్లని ఏ ఏటీఎం కార్డులాంటి దానితోనో మెల్లగా గీకి తీసెయ్యాలి. ఊపిరి ఆడనట్టుంటే ఆలస్యం చెయ్యకుండా 112కి ఫోను చెయ్యాలి.

ఇక కాపలా సంగతి. సంచులు వదిలేసి అందరూ దిగడం కుదరదు, దొంగతనాలు అక్కడా ఉన్నాయి. కాబట్టి వంతులు వేసుకోండి. మొదటి వంతు మావారిది, రెండోది మా మరిదిది, తర్వాత పెద్ద పిల్లలది. నా వంతు చివర. మొదటి రోజు కాస్త గొణిగారు, మూడో రోజుకి అలవాటైపోయింది.

మధ్యాహ్నం ఫిరంగి

ఊరి తూర్పున పాతకోట కొండ ఉంది. కోటని 1706లో పద్నాలుగో లూయీ రాజు కూల్చేయించాడు, ఇప్పుడు మిగిలింది చక్కటి తోట, ఒక జలపాతం. మెట్లెక్కలేని వాళ్లకి ఉచితంగా లిఫ్టు ఉంది. పైనుంచి చూస్తే ఎర్రటి పెంకుటిళ్లూ, వంపు తిరిగిన నీలి సముద్రం. ఈ కొండ మీద రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ఢామ్మని ఫిరంగి మోత వినిపిస్తుంది. దానికో కథ చెబుతారు. 1860ల్లో ఒక స్కాట్లండు దొర ఉండేవాడట. ఆయన భార్య షికారుకి వెళ్లి స్నేహితురాళ్లతో కబుర్లలో పడి వంట వేళకి ఇంటికి వచ్చేది కాదట. ఆవిడకి గుర్తు చెయ్యడానికి ఆయన ఫిరంగి పేల్పించాడట! ఏ దేశమైనా మగవాళ్ల తీరు ఒకటే సుమండీ. మేం మాత్రం ఆ మోత వినగానే ‘ఇంకో గంట ఆగి వెళ్దాం’ అనుకునేవాళ్లం.

బజారు, శనగపిండి అట్టు

పాత ఊళ్లో ‘కూర్ సలేయా’ అనే బజారు ఉంది. సోమవారం తప్ప రోజూ పొద్దున పూలూ, కూరగాయలూ పెడతారు. సోమవారం పాత సామాన్లు. వంకాయలు, పువ్వుతో సహా కోసిన గుమ్మడిజాతి కాయలు, రకరకాల ఆలివ్‌లు... మనలాంటి వాళ్లకి మ్యూజియం కంటే ఇదే ఎక్కువ ఇష్టం. పువ్వుల్ని పిండిలో ముంచి బజ్జీల్లా వేస్తారు కూడా.

అక్కడి అసలు చిరుతిండి ‘సొక్కా’. తీరా చూస్తే శనగపిండి అట్టే! పెద్ద రాగి పళ్లెంలో పోసి, కట్టెల పొయ్యిలో కాల్చి, గరిటెతో గీకి వేడి వేడిగా పెడతారు. ఇంట్లో చెయ్యడం సులువు. గ్లాసు శనగపిండికి గ్లాసు నీళ్లు, చెంచాన్నర ఆలివ్ నూనె, సరిపడా ఉప్పు ఉండలు లేకుండా కలిపి రెండు గంటలు నాననివ్వండి. ఓవెన్ ఉంటే బాగా వేడెక్కిన పళ్లేనికి నూనె రాసి, పిండి పల్చగా పోసి, అంచులు నల్లబడేదాకా కాల్చండి. లేకపోతే ఇనప పెనం చాలు. పైన మిరియాలపొడి ధారాళంగా చల్లాలి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వెయ్యాలని చెయ్యి లాగుతుంది, వెయ్యకండి, దాని రుచి దానిదే.

శాకాహారులు కాస్త చూసుకోవాలి. నీస్ పేరున్న సలాడ్‌లో చేపలు, గుడ్లు ఉంటాయి. ఉల్లిపాయల రొట్టె ‘పిసలాదియేర్’ శాకాహారంలా కనిపిస్తుంది, కానీ అందులోనూ ఆంకోవీ అనే చిన్న చేప ఉంటుంది. సొక్కా, వంకాయా టమాటాలతో చేసే ‘రాటటూయ్’ నిర్భయంగా తినొచ్చు. హోటళ్లలో భోజనం పన్నెండు నుంచి రెండు దాకా, మళ్లీ రాత్రి ఏడు తర్వాతే. మూడింటికి ఆకలంటే ఎక్కువ చోట్ల పొయ్యి వెలగదు.

వంటిల్లున్న గది తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది. కానీ మూడు పూటలా వండొద్దు, ఒక్క పూటే అని ముందే తేల్చి చెప్పండి. బియ్యం అక్కడే దొరుకుతుంది. కందిపొడి, ఆవకాయ ఇక్కణ్నుంచి పట్టుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి మాత్రం యూరప్‌లోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా ఊరికే తీసుకెళ్లకూడదు.

జాజిపూల ఊరు

ఒకరోజు గ్రాస్‌కి కేటాయించండి. రైలూ బస్సూ రెండూ ఉన్నాయి. సెంట్లకి పేరున్న ఊరు, అక్కడి పరిమళ విద్యని యునెస్కో 2018లో గుర్తించింది. ఫ్యాక్టరీల్లో సెంటు తయారీ ఉచితంగా చూపిస్తారు, చివర్లో కొట్లోకి తీసుకెళ్తారు, పర్సు జాగ్రత్త. మేలో గులాబీలు, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మన జాజిపూలే అక్కడ తెల్లవారుజామున కోస్తారు. కిలో పూలకి ఎనిమిది, పదివేలు కోయాలి. ఇప్పుడు అక్కడ తోటలు తగ్గిపోయాయి. ప్రపంచంలో సెంట్లకి వాడే మల్లెజాతి అత్తరు చాలావరకు ఈజిప్టు నుంచీ, మన తమిళనాడు నుంచీ వెళ్తున్నదే!

ఇంకో రోజు ఉంటే ఇటలీ వైపున్న మాంతోఁ ఊరికి వెళ్లండి, నిమ్మకాయలకి ప్రసిద్ధి. దారిలో వచ్చే మొనాకో గంటలో చూసేయొచ్చు.

మన పిల్లల సెలవులకి సరిపోవాలంటే జూన్ మొదటి వారం మంచిది. ఏప్రిల్‌లో నీళ్లు ఇంకా చల్లగా ఉంటాయి, జూలై, ఆగస్టుల్లో జనమూ ధరలూ రెండూ మండిపోతాయి. ఫ్రాన్సుకి షెంజెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు పెట్టొచ్చు, వేసవిలో రద్దీ కాబట్టి జనవరిలోనే మొదలుపెట్టండి. పెద్దవాళ్లకి ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. 30,000 యూరోలకు తగ్గకుండా వైద్య బీమా ఉండాలి. పాస్‌పోర్టు గడువు తిరిగొచ్చాక కూడా మూడు నెలలు మిగిలుండాలి. ఇంటిల్లిపాది పాస్‌పోర్టులూ ఇవాళే ఒకసారి తీసి చూడండి.