జబ్బుల లెక్కలో ఆడా మగా వేరుగా కనిపించాలి

టీబీ క్రిమికి ఎదుటి మనిషి ఆడో మగో పట్టదని చాలామంది అనుకుంటారు. లెక్కలు అలా చెప్పడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో కోటీ 8 లక్షల మంది టీబీ బారిన పడ్డారు. వారిలో 55 శాతం మగవాళ్లు, 33 శాతం ఆడవాళ్లు, మిగిలిన 12 శాతం పిల్లలు. మొత్తం రోగుల్లో నాలుగో వంతుకు పైగా మన దేశంలోనే ఉన్నారు. ఈ తేడా చూడగానే రెండు తేలిక జవాబులు నోటికొస్తాయి: మగవాళ్ల ఒంటి తత్వమే అంత అని ఒకటి, బీడీలూ మందూ మానేస్తే అంతా సర్దుకుంటుందని ఇంకొకటి. రెండూ సగం నిజాలే. జబ్బు మనిషికి అంటుకోవడం, ఒంట్లో ముదరడం, పరీక్షలో బయటపడి వైద్యానికి అందడం అనే మూడు దశల్లోనూ ఆడా మగా తేడా పనిచేస్తుంది, అదీ ఒక్కో దశలో ఒక్కో తీరుగా. అందుకే పరీక్షల నుంచి టీకాల దాకా ప్రతి లెక్కా ఇద్దరికీ విడివిడిగా వేయాలంటున్నాను.

ఆడవాళ్లు ఆస్పత్రికి రారు కాబట్టే వాళ్ల సంఖ్య తక్కువగా కనిపిస్తోందేమో అన్న అనుమానం సహజం, ఆలోచించదగ్గది కూడా. దాన్ని తేల్చాలంటే ఆస్పత్రి రిజిస్టర్లు పక్కనపెట్టి ఇంటింటికీ వెళ్లి పరీక్షలు చేయాలి. పేద, మధ్యాదాయ దేశాల్లో అలా చేసిన సర్వేలన్నిటినీ కలిపి 2016లో విశ్లేషించారు. ఆడవాళ్లలో కంటే మగవాళ్లలో టీబీ రెండు రెట్లకు పైగా ఉందని తేలింది. పైగా జబ్బు ఉండీ పరీక్షకు అందకుండా మిగిలిపోతున్న వారిలోనూ మగవాళ్లే ఎక్కువ. కూలి పోతుందనో, దగ్గే కదా అనో వాళ్లు ఆస్పత్రి గడప తొక్కరు. పొగ తాగితే టీబీ ముప్పు దాదాపు రెట్టింపవుతుంది, అతిగా తాగే మద్యం దాన్ని ఇంకా పెంచుతుంది. గనులు, రాళ్ల క్వారీల్లో దుమ్ము పీల్చే పనుల్లోనూ మగవాళ్లే ఎక్కువ. ఇదంతా సమాజం పెట్టిన తేడా. ఇదే తేడా ట్రకోమా అనే కంటి జబ్బులో తిరగబడుతుంది. జబ్బున్న పసిపిల్లలను రోజంతా చూసుకునేది తల్లులే కాబట్టి, దానివల్ల చూపు పోయే ముప్పు ఆడవాళ్లకు మగవాళ్ల కంటే నాలుగు రెట్ల దాకా ఉంటుంది.

అయితే అలవాట్లతోనే కథ ముగియదు. చిన్నపిల్లల్లో ఆడా మగా మధ్య టీబీ తేడా పెద్దగా ఉండదు, యుక్తవయసు దాటాకే పెరుగుతుంది. ఆ వయసులో అలవాట్లూ మారతాయి, హార్మోన్లూ మారతాయి. ఎలుకలు పొగ తాగవు కదా, వాటిలోనూ వృషణాలు తీసేసిన మగవి టీబీని మెరుగ్గా తట్టుకున్నట్టు ప్రయోగాల్లో కనిపించింది. వైరస్‌ల విషయంలో సాక్ష్యం ఇంకా స్పష్టం. కొన్ని వైరస్‌లను పసిగట్టే టీఎల్ఆర్7 అనే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడవాళ్లకు ఎక్స్‌లు రెండు, మగవాళ్లకు ఒకటే. ఆ ఒక్కదాంట్లో లోపం ఉంటే ఆదుకునే రెండోది లేదు. 2020లో నెదర్లాండ్స్‌లో రెండు కుటుంబాలకు చెందిన నలుగురు యువకులు, అంతకుముందు పెద్ద జబ్బులేవీ లేనివాళ్లు, కోవిడ్‌తో ప్రాణాపాయ స్థితికి చేరారు. పరీక్షిస్తే నలుగురిలోనూ ఈ జన్యువే దెబ్బతిని ఉంది.

ఇవన్నీ చూసి ఆడవాళ్లకు ఢోకా లేదనుకుంటే పొరపాటు. పాకిస్తాన్‌లోని రావల్పిండిలో జరిగిన ఒక అధ్యయనం 2007లో వెలువడింది. తెమడ పరీక్షకు వచ్చిన ఆడవాళ్లలో చాలామంది నలుగురిలో గట్టిగా దగ్గడానికి సిగ్గుపడి, డబ్బాలో నోటి ఉమ్మి వేసి ఇచ్చేవారు. ఉమ్మిలో క్రిమి దొరకడం కష్టం. గుండెల నిండా గాలి పీల్చి, లోపలి నుంచి దగ్గి తెమడ తీయాలని కొందరికి ముందే విడమరిచి చెప్పారు. చెప్పనివారిలో 8 శాతం మందికి టీబీ బయటపడితే, చెప్పినవారిలో 13 శాతం మందికి బయటపడింది. మగవాళ్లలో ఆ మాటల వల్ల తేడా ఏమీ రాలేదు. గర్భసంచికి, అండవాహికలకు సోకే టీబీ అయితే తెమడ పరీక్షకు చిక్కదు. పిల్లలు కలగడం లేదని డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు బయటపడే సందర్భాలెన్నో. కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్-ఇ కామెర్లు మామూలుగా తగ్గిపోతాయి. అవే నెలలు నిండుతున్న గర్భిణికి వస్తే నూటికి 20, 25 మంది దాకా చనిపోవచ్చు.

విడివిడి లెక్కలు కాగితాల పని పెంచుతాయే గానీ వైద్యాన్ని మార్చవని కొందరంటారు. తట్టు టీకా చరిత్ర ఆ మాటను ఒప్పుకోదు. పసికందులకు ముందుగానే రక్షణ ఇవ్వాలని అధిక మోతాదు టీకా ఒకటి తెచ్చారు. అది తట్టును బాగానే ఆపింది. కానీ సెనెగల్, గినియా-బిస్సావ్, హైతీల్లో ఆ పిల్లలను కొన్నేళ్లు గమనిస్తే, మామూలు టీకా వేయించుకున్నవారి కంటే దీన్ని వేయించుకున్న ఆడపిల్లల్లో మరణాలు పెరిగాయి. మగపిల్లల్లో ఆ పెరుగుదల లేదు. 1992లో ఆ టీకాను ఆపేశారు. ఇద్దరినీ కలిపి సగటు తీసి ఊరుకుంటే ఆ ప్రమాదం అంత స్పష్టంగా పట్టుబడేది కాదు.

ఇలా వేరుచేస్తే మగవాళ్లది తమ తప్పేననీ, ఆడవాళ్లది బలహీనతనీ ముద్ర పడుతుందన్న భయంలో అర్థముంది. ఎవరి మీదా నింద మోపడానికి కాదు ఈ లెక్క. ఎవరిని ఎక్కడ వదిలేస్తున్నామో తెలుసుకోవడానికి. తేడా ఎక్కువగా ఒంట్లోనే ఉన్నా చేతులెత్తేయాల్సిన పని లేదు. పనిగంటలు ముగిశాక, పనిచేసే చోటే పరీక్షా శిబిరం పెడితే మగవాళ్లు అందుతారు. తెమడ తీయడానికి చాటుగా ఉండే చోటు చూపి, ఎలా తీయాలో ఆశా కార్యకర్త రెండు నిమిషాలు చెబితే ఆడవాళ్లు అందుతారు. కొత్త మందునో టీకానో ఆమోదించే ముందు ఆడవాళ్లలో ఫలితమెంత, మగవాళ్లలో ఎంత, గర్భిణుల సంగతేమిటి అని అడగడం ఆనవాయితీ కావాలి. వీటికి కావలసింది కొత్త యంత్రాలు కాదు, రిజిస్టరులో రెండు గళ్లు, వాటిని చదివి నిర్ణయం తీసుకునే ఓపిక.