‘పడదు’ అంటే ఎంత ప్రమాదం?

“మా వాడికి వంకాయ పడదు”, “మా అమ్మాయికి రొయ్యలు పడవు” – ఇలాంటి మాటలు మీరు ఇంట్లోనో, పెళ్ళి భోజనాల్లోనో వినే ఉంటారు. ‘పడదు’ అన్నది చాలా చిన్న మాట. కాని దాని వెనుక ఉన్న సంగతి అందరి విషయంలోనూ ఒకటి కాదు. ఒకరికి పాలు పడవంటే కడుపు ఉబ్బరించి విరేచనాలవుతాయని అర్థం. పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెరను వాళ్ళ పేగులు సరిగా జీర్ణం చేసుకోలేవు. ఇది ఇబ్బందే గాని, ప్రాణానికి ముప్పు కాదు. ఇంకొకరికి వంకాయ పడదంటే తిన్న తర్వాత నోరూ పెదవులూ కాస్త దురద పెడతాయి. మరొక పిల్లవాడికి పాలు పడవంటే మాత్రం, ఒక్క గుటక తాగిన కొద్ది నిమిషాలలోనే ఊపిరాడక ప్రాణం మీదికి రావచ్చు!

మాట ఒకటే, ప్రమాదం వేరు. ఈ మూడోరకం గురించే ఇప్పుడు తెలుసుకుందాం. తమ బాధ తాము చెప్పుకోలేని పసిపిల్లలకు కూడా ఇది రావచ్చు. అమ్మానాన్నలు పనికి వెళ్ళేటప్పుడు అలాంటి పిల్లలను అంగన్‌వాడీలోనో, శిశు సంరక్షణ కేంద్రంలోనో, ఒక్కొక్కప్పుడు మీ దగ్గరో వదిలి వెడతారు. ఆ సమయంలో పక్కన ఉన్నవాళ్ళకు ఈ సంగతి తెలిసి ఉండడం చాలా అవసరం.

నెప్ట్యూన్ అనే కుక్క కథ

1901లో మొనాకో దేశపు ప్రభువు మొదటి ఆల్బర్ట్ తన ఓడలో సముద్ర పరిశోధనకు బయలుదేరాడు. ఆయన వెంట ఛార్లెస్ రిషే, పోల్ పోర్టియే అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కూడా వెళ్ళారు. నీటిమీద తేలుతూ, ఒంటికి తగిలితే చురుక్కుమనిపించే ఫైసేలియా అనే సముద్రజీవి విషాన్ని వాళ్ళు పరిశీలించారు. ఫ్రాన్సుకు తిరిగి వచ్చాక సీ అనిమోన్ అనే మరొక సముద్రజీవి విషంతో కుక్కల మీద ప్రయోగాలు సాగించారు.

ఆ కుక్కలలో ఒకదాని పేరు నెప్ట్యూన్. మంచి ఆరోగ్యంగా ఉన్న కుక్క. మొదటిసారి కొద్దిగా విషం ఎక్కించినప్పుడు దానికి ఏమీ కాలేదు. 22 రోజుల తర్వాత మళ్ళీ అంతే మోతాదు ఇచ్చారు. ఒకసారి తట్టుకున్న కుక్క రెండోసారి ఇంకా బాగా తట్టుకోవాలి గదా! కాని జరిగింది వేరు. కొద్ది క్షణాలలోనే దానికి ఊపిరి అందలేదు. నడవలేక పక్కకు ఒరిగిపోయింది. 25 నిమిషాలలో చనిపోయింది.

రిషే ఆశ్చర్యపోయాడు. మొదటి మోతాదు కుక్కకు రక్షణ ఇవ్వకపోగా, ఉన్న రక్షణనే తారుమారు చేసింది. అందుకని 1902లో దీనికి ‘రక్షణకు విరుద్ధం’ అనే అర్థం వచ్చేలా గ్రీకు మాటలతో ‘ఎనఫిలాక్సిస్’ అని పేరు పెట్టారు. ఈ పరిశోధనకు రిషేకి 1913లో నోబెల్ బహుమతి లభించింది.

ఒంట్లో ఏం జరుగుతుంది?

మన శరీరంలోకి రోగక్రిములు వస్తే వాటిని ఎదుర్కోవడానికి రక్తంలో ప్రతిరక్షకాలు అనే పదార్థాలు తయారవుతాయి. వీటినే యాంటీబాడీలు అంటారు. వీటిలో ఇమ్యునోగ్లోబులిన్-ఇ అనేది ఒక రకం. కొందరి శరీరం వేరుసెనగలోనో, పాలలోనో, కందిరీగ విషంలోనో ఉన్న మాంసకృత్తులను చూసి శత్రువు వచ్చిందని పొరబడుతుంది. వాటికి వ్యతిరేకంగా ఈ రకం ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది. చర్మంలోను, ఊపిరి గొట్టాలలోను, పేగులలోను, రక్తనాళాల చుట్టూ మాస్ట్ కణాలు అనేవి ఉంటాయి. తయారైన ప్రతిరక్షకాలు పోయి ఆ కణాల మీద అతుక్కుని కూర్చుంటాయి. ఇదంతా మొదటి విడత. అప్పుడు బయటికి ఏమీ కనిపించదు.

మరొకసారి అదే పదార్థం లోపలికి వచ్చినప్పుడు అసలు గొడవ మొదలవుతుంది. మాస్ట్ కణాలు తమలో దాచుకున్న హిస్టమిన్ మొదలైన రసాయనాలను ఒక్కసారిగా వెళ్ళగక్కుతాయి. అప్పుడు రక్తనాళాలు వదులై, వాటిలోని నీరు బయటికి ఊరుతుంది. అందువల్ల చర్మం మీద దద్దుర్లు లేస్తాయి. పెదవులు, నాలుక, గొంతు వాస్తాయి. ఊపిరి గొట్టాలు బిగుసుకుని పిల్లికూతలు వస్తాయి. రక్తపుపోటు పడిపోయి, మెదడుకు చాలినంత రక్తం అందక మనిషి సొమ్మసిల్లుతాడు.

దోమ కుట్టినచోట దద్దురు లేస్తే అది అక్కడితో ఆగుతుంది. ఎనఫిలాక్సిస్ ఒళ్ళంతా ఒకేసారి అంటుకునే మంట. చాలాసార్లు కొద్ది నిమిషాలలోనే మొదలవుతుంది; ఒక్కొక్కప్పుడు గంటా రెండు గంటలు పట్టవచ్చు.

జబ్బుకు పేరు, మందుకు రూపం

రిషే ఓడ ప్రయాణం చేసిన 1901లోనే జోకిచి తకమినే అనే జపాను రసాయన శాస్త్రజ్ఞుడు అమెరికాలో ఒక పదార్థాన్ని శుద్ధి చేసి స్ఫటికాలుగా తీసిన సంగతి ప్రకటించాడు. అదే ఎడ్రినలిన్. మన మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే చిన్న గ్రంథులు దీన్ని తయారుచేస్తాయి. కుక్క వెంటపడితే మన గుండె దడదడలాడుతుందే, అది దీని పనే.

ఎనఫిలాక్సిస్‌కు మొట్టమొదట ఇవ్వవలసిన మందు ఇదే. ఇది వదులైన రక్తనాళాలను బిగిస్తుంది. బిగిసిన ఊపిరి గొట్టాలను వదులు చేస్తుంది. గుండెకు బలం ఇస్తుంది. మాస్ట్ కణాలు ఇంకా రసాయనాలు వదలకుండా అడ్డుకుంటుంది. దురదకు వాడే ఎలర్జీ మాత్రలు ఈ పనులు చేయలేవు. అవి దద్దుర్లను తగ్గిస్తాయేగాని, మూసుకుపోతున్న గొంతును తెరవలేవు. మాత్ర వేసి “చూద్దాంలే” అని కూర్చోవడమే పెద్ద ప్రమాదం.

ఎడ్రినలిన్‌ను తొడ బయటివైపు కండలోకి ఇస్తారు. చేతిలో కంటె అక్కడినుంచి మందు త్వరగా రక్తంలో కలుస్తుంది. మోతాదు ముందే నింపి ఉంచిన, కలం ఆకారంలో ఉన్న ఇంజెక్షనుకు 1987లో అమెరికాలో అనుమతి వచ్చింది. ముక్కులోకి కొట్టే ఎడ్రినలిన్‌కు 2024లో అక్కడే అనుమతి వచ్చింది. కలం ఇంజెక్షను మన మందుల షాపుల్లో మామూలుగా దొరికేది కాదు. అయితే సీసాలో వచ్చే ఎడ్రినలిన్ ఆస్పత్రులలో వాడే పాత మందే.

టీకా వేసిన తర్వాత “అరగంట ఇక్కడే కూర్చోండి” అని నర్సు అంటుంది గదా? అది ఇందుకే. టీకాలవల్ల ఎనఫిలాక్సిస్ రావడం బహు అరుదు, పది లక్షల మోతాదులకు ఒకటి రెండు సార్లు. దానికి భయపడి టీకా మానకూడదు. అయినా ఆ ఒక్కరికోసం మందు దగ్గర ఉంచుకుని అరగంట కనిపెట్టి చూస్తారు. ముందుజాగ్రత్త అంటే ఇదీ!

న్యూయార్క్‌లో ఏం జరిగింది?

2017 నవంబరులో అమెరికాలోని న్యూయార్క్ నగరంలో ఒక శిశు సంరక్షణ కేంద్రంలో మూడేళ్ళ పిల్లవాడికి చీజ్ పెట్టి కాల్చిన రొట్టె ఇచ్చారు. ఆ పిల్లవాడికి పాలతో చేసినవి పడవు. ఆ సంగతి కేంద్రం కాగితాలలో రాసే ఉంది! బాధ మొదలయ్యాక కూడా వాళ్ళు అత్యవసర సహాయానికి ఫోను చేయలేదు. తల్లికి కబురు చేశారు. ఆమె వచ్చి ఆస్పత్రికి తీసుకుపోయింది. కాని పిల్లవాడు దక్కలేదు. ఆ తల్లిదండ్రులు పట్టుదలగా కృషి చేసిన మీదట 2019లో న్యూయార్క్ రాష్ట్రంలో, పిల్లవాడి పేరుమీదే ‘ఎలైజా చట్టం’ వచ్చింది. శిశు కేంద్రాలలో ఎనఫిలాక్సిస్‌ను ఎలా నివారించాలో, ఎలా గుర్తించాలో, వస్తే ఏం చేయాలో ఆ చట్టం ప్రకారం నియమాలు ఏర్పరచారు.

ఈ సంఘటన చెప్పేదేమిటి? కాగితం మీద ఉంటే చాలదు. వడ్డించే చేతికి తెలియాలి. తెలిస్తే చాలదు, ఆ నిమిషంలో ఏం చేయాలో ముందే నిర్ణయించుకుని ఉండాలి.

రాకుండా ఏం చేయాలి?

ఏ పిల్లకు ఏది పడదో, తింటే ఏమవుతుందో ఆ పిల్ల ఫొటోతో సహా రాసి, వంట చేసేవారికీ వడ్డించేవారికీ కనిపించేచోట ఉంచాలి. డాక్టరు చెప్పిన మందు, తల్లిదండ్రుల ఫోను నంబరు అందులోనే ఉండాలి.

పల్లీ చట్నీ గరిటెతోనే పప్పు వడ్డించకూడదు. ఒకరి కంచంలోది మరొకరు తినకుండా చూడాలి. పుట్టినరోజు మిఠాయిలు పంచేటప్పుడు అందులో ఏమున్నాయో ముందు అడగాలి. పొట్లాల్లో అమ్మే తిండిమీద పాలు, గుడ్డు, వేరుసెనగ, గోధుమ, చేప, రొయ్య, సోయా వంటివి ఉన్నాయేమో అచ్చువేయాలని మన దేశంలో 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. చదవడం మీకు వచ్చు. చదివి అమ్మకు చెప్పండి.

తిన్న తర్వాత పిల్లల చేతులు సబ్బుతో, నీళ్ళతో కడగాలి. చేతులకు రాసుకునే శానిటైజరు క్రిములను చంపుతుందిగాని, అంటుకున్న పల్లీ జిడ్డును వదిలించదు.

ఇంకొక మాట. పడని పిల్లను దూరంగా ఒంటరిగా కూర్చోబెట్టి వేళాకోళం చేయకూడదు. ఆ పిల్లకు పడనిదాన్ని సరదాకు తినిపించడం ఆట కాదు, ప్రాణాపాయం.

వస్తే ఏం చేయాలి?

చిన్నపిల్లలు “నాకు ఎలర్జీ వచ్చింది” అని చెప్పలేరు. “నాలుక మండుతోంది”, “గొంతులో ఏదో ఉంది” అంటారు. నాలుకను గోక్కుంటారు. గొంతు బొంగురుపోతుంది. ఆడుతున్న పిల్ల ఉన్నట్టుండి వాలిపోతుంది. తిన్న తర్వాతనో, తేనెటీగ కుట్టిన తర్వాతనో దద్దుర్లతోపాటు దగ్గు, పిల్లికూతలు, వాంతులు, సొమ్మ – వీటిలో ఏది కనిపించినా ఎనఫిలాక్సిస్ అనే అనుకోవాలి. దద్దుర్లు లేకుండా కూడా ఇది రావచ్చు.

వెంటనే పెద్దవాళ్ళను కేకవేయండి. డాక్టరు ఇచ్చిన కలం ఇంజెక్షను ఉంటే, దాని వాడకం నేర్చుకున్నవారు తక్షణం ఇవ్వాలి. బట్టమీదనుంచి అయినా ఇవ్వవచ్చు. అదే సమయంలో మరొకరు 108కి ఫోను చేసి, పిల్లకు ఊపిరాడడం లేదనీ, ఎనఫిలాక్సిస్ అనుకుంటున్నామనీ చెప్పాలి. మందు దగ్గర లేకపోతే దానికోసం వెతుకుతూ కాలం గడపకుండా దగ్గరలోని ఆస్పత్రికి చేర్చే ప్రయత్నం చేయాలి.

పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా ఉంచండి. ఊపిరి ఆడక ఆయాసపడుతుంటే కాళ్ళు చాచి కూర్చోనివ్వండి. స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నిలబెట్టకూడదు, నడిపించకూడదు, పడిపోయిన రక్తపుపోటు ఇంకా పడిపోతుంది. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించడం, పసరు పోయడం వంటివి చేయవద్దు. అయిదు నిమిషాలు దాటినా తగ్గకపోతే రెండో ఇంజెక్షను అవసరం కావచ్చు. తగ్గినా ఆస్పత్రికి తీసుకువెళ్ళి తీరాలి. ఎందుకంటే కొన్ని గంటల తర్వాత ఇది మళ్ళీ తిరగబెట్టవచ్చు.

మీ తమ్ముడో చెల్లెలో వెళ్ళే కేంద్రంలో ఇవన్నీ తెలుసా? రేపు దింపడానికి వెళ్ళినప్పుడు టీచరుగారిని అడిగి చూడండి. ఇకమీదట ఎవరైనా ఒక పిల్లను చూపించి “దీనికి ఇది పడదు” అంటే, తల ఊపి ఊరుకోకండి. “తింటే ఏమవుతుందండీ?” అని వెంటనే అడగండి.