వ్యాపారవిద్యాలయమునకు దరఖాస్తు పెట్టవలసిన కాలము

మన పాఠశాల విడిచి కళాశాలలకుఁ బోయినవారిలోఁ బలువురు పట్టపరీక్ష ముగియకమునుపే ఎం.బి.ఏ. చదువఁగోరుచున్నారు. తలిదండ్రులును, ఉద్యోగమునఁ బ్రవేశించినవాఁడు మరలఁ బుస్తకము పట్టునా యని తొందరించుచుందురు. ఈ భయము నిరాధారము కాదు. అయినను ఏ విద్యాలయమునకుఁ బోవలెనను ప్రశ్నకంటె, ఎప్పుడు పోవలెనను ప్రశ్నయే ముందుగాఁ దేల్చుకొనఁదగినదని మేము తలంచుచున్నాము.

ఈ చదువు తక్కిన చదువులవంటిది కాదు. 1908వ సంవత్సరమున స్థాపింపఁబడిన హార్వర్డు బిజినెస్ స్కూలునందు, ఏదేని యొక వ్యాపారసంస్థకు నిజముగా వచ్చిపడిన చిక్కును విద్యార్థుల ముందుంచి, నీవే యజమానివైనచో నేమి చేయుదువని యడుగు బోధనాపద్ధతి పెంపొందినది. 1961లో నెలకొల్పఁబడిన అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం. వారు హార్వర్డు సహకారముతో నా పద్ధతినే చేపట్టిరి. సరకు అమ్ముడుపోక గిడ్డంగిలో నిలిచిపోయినప్పటి కలవరమును, పనివాండ్రకు జీతము లియ్యవలసిన నాఁటి యిబ్బందిని ఎన్నఁడు నెఱుఁగనివాఁడు ఆ ప్రశ్నకుఁ బుస్తకమునుండియే బదులు చెప్పును. రెండుమూఁడేండ్లు ఒక కచేరిలోనో, కర్మాగారములోనో, తండ్రిగారి కిరాణాదుకాణములోనో (దీనిని చిన్నచూపు చూడరాదు) మెలఁగినవాఁడు తాను చూచినదానినుండి చెప్పును, తోడివారికిని నేర్పును.

హైదరాబాదునందలి ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ వారు తమ ఏఁడాది పాఠక్రమమునకు సామాన్యముగా రెండేండ్ల యుద్యోగానుభవమును గోరుచున్నారు. ఐ.ఐ.ఎం.ల రెండేండ్ల పాఠక్రమమునకు అట్టి నియమము లేదు. పట్టపరీక్ష చివరియేఁటి విద్యార్థులును క్యాట్ పరీక్షకుఁ గూర్చుండవచ్చును. ఇండోరు ఐ.ఐ.ఎం. 2011 నుండి పండ్రెండవ తరగతి ముగించినవారినే అయిదేండ్ల చదువునకుఁ జేర్చుకొనుచున్నది. తలుపు తెఱచియున్నంతమాత్రమున వెంటనే లోనికిఁ బోవలెనని లేదు.

ఇఁక వ్యయము. పేరుపొందిన విద్యాలయములు కొన్నిటిలో రుసుము 20 లక్షల రూపాయలు దాటినది. బ్యాంకులవారు చదువు ముగియువఱకు వాయిదాలు గట్టుమని యడుగకున్నను వడ్డీ పెరుగుచునే యుండును. కొన్నియేండ్లు జీతము దాఁచుకొన్నవానికి అంతమేర అప్పు తగ్గును. పొలము కుదువఁబెట్టవలసిన యవసరము తప్పినను తప్పవచ్చును. మిక్కిలి యాలసించుటయు మంచిది కాదు. కుటుంబభారము పైఁబడిన పిదప రుసుముతోపాటు పెద్దజీతమును గూడ వదలుకొనవలసివచ్చును. కావున ఉద్యోగమునఁ జేరిన రెండవయేఁట మొదలు అయిదవయేఁటివఱకు గల కాలము చాలమందికిఁ దగినదని మా యభిప్రాయము. ఆఁడుపిల్లల విషయమున మాత్రము ఈ లెక్కను వివాహముహూర్తమును బట్టి వేయుట మాకు సమ్మతము కాదు.

చదువు మఱచిపోవుదుమను భయమునకు మార్గమున్నది. జీమ్యాట్ పరీక్షలో వచ్చిన గణనము అయిదేండ్లు చెల్లును. కావున కళాశాల విడిచిన వెంటనే ఆ పరీక్ష వ్రాసి, పిమ్మట ఉద్యోగము చేయవచ్చును. హార్వర్డువారు చివరియేఁటి విద్యార్థులనే ముందుగా నెన్నుకొని, కనీసము రెండేండ్లు పనిచేసి రమ్మని పంపు పద్ధతియుఁ గలదు. క్యాట్ గణనము మాత్రము ఒక్కయేఁటికే చెల్లును. ఆ పరీక్ష ప్రకటన సామాన్యముగా జూలై, ఆగస్టు నెలలలో వెలువడును. పరీక్ష నవంబరులో జరుగును. తరగతులు మఱుసటి జూన్ ప్రాంతమునఁ దెఱవఁబడును. అనఁగా జూన్‌లోఁ జేరఁగోరువాఁడు దాదాపు ఏఁడాది ముందే నిశ్చయించుకొనవలెను. విదేశములకుఁ బోఁగోరువారికి సిఫారసులేఖలును గావలయును. మూఁడునెలల క్రితము కొలువునఁ జేరినవానిని గుఱించి పై యధికారి వ్రాయఁగలిగిన దేమి యుండును?